అరువు గొంతు – సొంత ఉచ్చారణ: నాగూర్ బాబు గాత్రజీవితం, ఒక పరిశీలన

మనిషికి ముఖం ఎట్లాగో గొంతు కూడా అట్లాగే ఒక గుర్తు. చీకటిలో పిలిచిన పిలుపును బట్టి తల్లి బిడ్డను పోల్చుకుంటుంది. అయితే ఒకరి ముఖానికి మరొకరి గొంతును అతికించి, ఆ రెండూ ఒక్కరివే అని లక్షలమంది చేత నమ్మించే కళ ఒకటి మన కాలంలో పుట్టి పెరిగినది. దానిని వాడుకలో డబ్బింగు అంటున్నాము. రజనీకాంత్ తెలుగులో మాట్లాడుతుంటే చప్పట్లు కొట్టే మన విద్యార్థులలో అనేకులకు, ఆ గొంతు సత్తెనపల్లిలోని ఒక ముస్లిం కుటుంబంలో పుట్టిన గాయకునిదని తెలియదు. ఆయన పేరు నాగూర్ బాబు. సినీలోకానికి ఆయన మనో.

ఈ వ్యాసంలో మేము మూడు విషయాలను పరిశీలింపదలచినాము. ఈ కళ ఎట్లా పనిచేస్తుంది? నాగూర్ బాబు దానిని ఎట్లా సాధించారు? ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దున చదువుకుంటున్న మన విద్యార్థులు ఆయన జీవితం నుండి గ్రహించవలసినది ఏమిటి? మూడవ ప్రశ్న కొరకే మొదటి రెండూ అని మనవి.

గొంతు అరువిచ్చే కళ

1932లో విడుదలైన 'భక్త ప్రహ్లాద'తో తెలుగు చలనచిత్రం పూర్తిగా మాటలు నేర్చినది. ఆ తొలినాళ్లలో నటుడే కెమెరా ముందు నిలిచి మాట్లాడవలెను, తానే పాడవలెను. తరువాత నేపథ్యగానం వచ్చి పాటను నటుని కంఠం నుండి వేరుచేసినది. మాట కూడా వేరుపడుటకు మరికొంత కాలం పట్టినది. హిందీ చిత్రం 'నీరా ఔర్ నందా' 1950లో 'ఆహుతి' పేరుతో తెలుగులోనికి వచ్చినది. తెలుగులో అనువాద చిత్రాలకు ఇదే నాంది. దీనికి మాటలు, పాటలు సమకూర్చినవారు మహాకవి శ్రీశ్రీ. అంతటి కవి ఈ పనికి పూనుకొనుటను బట్టి ఇది చిల్లర పని కాదని తెలుస్తున్నది.

ఇందులోని కష్టం పెదవుల వద్ద మొదలవుతుంది. ప, బ, మ అనే అక్షరాలను పెదవులు మూయకుండా పలుకుట ఎవరికీ సాధ్యం కాదు. క, గ, న, ర వంటివి నోటి లోపల పుట్టేవి గనుక బయటికి అంతగా కనబడవు. అందుచేత తెరమీది నటుడు పెదవులు మూసిన చోట తెలుగు మాటలో కూడా పెదవులు మూసే అక్షరమే పడవలెను. ఒక ఉదాహరణ చూతము. తమిళంలో ధనాన్ని 'పణం' అంటారు. దానికి 'డబ్బు' అని వ్రాస్తే, నటుని పెదవులు మొదట, చివర మూతపడుచుండగా మన మాటలో నడుమ మూతపడతాయి. కన్ను వెంటనే తప్పు పడుతుంది. 'పైకం' అని వ్రాస్తే మొదట పకారం, చివర సున్న, రెండు చోట్లా పెదవులు కలుస్తాయి. అర్థమూ చెడదు. అనువాద రచయిత రాత్రింబవళ్లు వెదకేది ఇట్టి మాటల కొరకే.

రెండవ చిక్కు భాషా స్వభావంలోనే ఉన్నది. తెలుగు అజంత భాష. మన మాటలు చాలవరకు అచ్చుతో ముగుస్తాయి. తమిళంలో హల్లుతో ముగిసే మాటలు విస్తారం. అక్కడ నటుడు నోరు మూసి వాక్యం ముగించిన చోట మన వాక్యం ఇంకా ఒక అచ్చును మిగుల్చుకొని ఉంటుంది. ఆ మిగిలిన అచ్చును మింగివేయక, సాగదీయక, వినీవినబడనట్లు జార్చుట రచయిత చేతిలో లేదు. అది గొంతు అరువిచ్చేవాని నేర్పు.

మూడవది ఊపిరి. పరుగెత్తి వచ్చిన నటుడు మాట్లాడుతున్నప్పుడు రొప్పు వినబడవలెను. గొంతు ఇచ్చేవాడు మాత్రం తలుపులు మూసిన గదిలో, మైకు ముందు కదలకుండా నిలబడి ఉంటాడు. నవ్వు, దగ్గు, నిట్టూర్పు, వెక్కిళ్లు, దెబ్బ తగిలినప్పటి మూలుగు, ఇవన్నీ అతడు అక్కడే పుట్టించవలెను. పూర్వం ఫిలిం ముక్కను మాలగా అతికించి, అదే దృశ్యం మళ్లీమళ్లీ తెరమీద తిరుగుతుండగా మాటను సరిపెట్టేవారు. నేడు కంప్యూటరు సహాయంతో ఒక్కొక్క పాత్రను వేరువేరుగా నమోదు చేస్తున్నారు. సౌకర్యం పెరిగినది గాని, ఎదుటి పాత్ర లేకుండా ఒంటరిగా పోట్లాడవలసిన, ఒంటరిగా ప్రేమించవలసిన అవస్థ కూడా వచ్చినది.

సత్తెనపల్లి నుండి మద్రాసు దాకా

నాగూర్ బాబు 1965 అక్టోబరు 26న జన్మించారు. సత్తెనపల్లి నాడు గుంటూరు జిల్లాలోనిది. 2022 నుండి పల్నాడు జిల్లాలో ఉన్నది. తల్లి షహీదా రంగస్థల నటి. తండ్రి రసూల్ ఆకాశవాణిలో పనిచేసిన సంగీతజ్ఞులు. నాగూర్ అనే పేరు తమిళనాడులోని నాగూరు దర్గాను స్మరించి పెట్టుకొనే పేరు. మన ప్రాంతంలోనూ నాగూర్, నాగుల్ మీరా అనే పేర్లు వినబడుతుంటాయి. ఇంట్లో ఒకవైపు నాటకం, మరొకవైపు రేడియో. ఒకటి మాటకు భావం నేర్పుతుంది. రెండవది కంటికి కనబడకుండానే మనసుకు తాకుట నేర్పుతుంది. డబ్బింగు కళకు కావలసిన రెండు పునాదులూ ఆ బాలునికి ఇంటిలోనే లభించినవి.

అయితే ఇంట్లో లభించినదానితో ఆయన తృప్తిపడలేదు. కర్ణాటక సంగీత విద్వాంసులు నేదునూరి కృష్ణమూర్తి గారి వద్ద శిక్షణ పొందారు. నేదునూరివారు అన్నమాచార్య సంకీర్తనలెన్నింటికో స్వరకల్పన చేసిన మహనీయులు. ఆ గురువు వద్ద ఈ శిష్యుడు కూర్చొని స్వరం దిద్దుకున్నాడంటే, నాదానికి గుమ్మాలు ఉన్నవి గాని గోడలు లేవని మేము భావిస్తున్నాము. శ్రుతిలో నిలుచుట, అక్షరాన్ని దాని స్థానంలోనే పలుకుట, ఊపిరిని పొదుపుగా వాడుట అనే మూడు గుణాలు సంగీత సాధన వలన అలవడతాయి. ముందు చెప్పిన మూడు కష్టాలకు మందు ఇక్కడ ఉన్నది.

బాల్యంలోనే తెరమీద చిన్న వేషాలు వేసిన నాగూర్ బాబు, మద్రాసులో సంగీత దర్శకులు చక్రవర్తి వద్ద సహాయకునిగా చేరారు. చక్రవర్తి స్వయంగా ప్రసిద్ధ డబ్బింగు కళాకారులు కూడా. పాటకు బాణీ కట్టే చోటనే మాటకు ప్రాణం పోసే మనిషి ఉండుట ఆ యువకునికి కలిసివచ్చిన అదృష్టం. తరువాత ఇళయరాజా ఆయనకు 'మనో' అను పేరు పెట్టి, 1987లో వచ్చిన 'పూవిళి వాసలిలే' చిత్రంతో తమిళ శ్రోతలకు పరిచయం చేశారు. 1994లో 'కాదలన్' చిత్రానికి రెహమాన్ సంగీతంలో స్వర్ణలతతో కలిసి ఆయన పాడిన పాటలో 'ముకాబలా' అనే ఉర్దూ మాట దేశమంతా మారుమ్రోగినది. తెలుగువాడు పాడిన తమిళ పాటలో ఉర్దూ మాట! ఇన్ని భాషలు ఒక్క కంఠంలో ఇముడుట మన సరిహద్దు విద్యార్థికి వింతగా తోచదు. అతని దినచర్యయే అది.

ఒక్క గొంతు, పెక్కు మనుషులు

రజనీకాంత్ బెంగుళూరులో మరాఠీ కుటుంబంలో పుట్టి, తమిళ తెరమీద వెలిగిన నటులు. ఆయన మాటకు వేగం, విరుపు, నడుమ హఠాత్తుగా ఒక మౌనం ప్రత్యేక లక్షణాలు. 1995 నాటి 'ముత్తు' మొదలుకొని 'నరసింహ' (1999), 'చంద్రముఖి' (2005), 'శివాజీ' (2007), 'రోబో' (2010) వంటి చిత్రాల తెలుగు రూపాలలో ఆయనకు గొంతు ఇచ్చినవారు మనో. మరాఠీ ఇంటి బిడ్డ, తమిళ నటన, తెలుగు ముస్లిం గాయకుని గొంతు. ఈ మూడూ కలిసి తెలుగువారికి ఒక్క మనిషిగా కనబడినవి.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. మనో చేసినది కేవలం అనుకరణ కాదు. మూలంలోని తమిళ ధ్వనిని ఉన్నదున్నట్లు తెలుగులో దించితే అది తమిళ యాసగా మిగులుతుంది, హాస్యాస్పదం కూడా అవుతుంది. ఆయన తీసుకొన్నది ఆ నటుని వేగాన్ని, విరుపును, మౌనాన్ని. వాటిని తెలుగు వాక్యపు నడకకు తగినట్లు మార్చుకున్నారు. 'ముత్తు'లోని బండి తోలే సేవకుని గొంతులో చనువు, చలాకీతనం ఉన్నవి. 'నరసింహ'లో వయసు పైబడిన కొలది అదే గొంతు నెమ్మదించి బరువెక్కుతుంది. 'చంద్రముఖి'లో మానసిక వైద్యుని తేట మాటకు, పూర్వకాలపు రాజు క్రౌర్యానికి నడుమ ఆకాశమంత దూరం. 'రోబో'లో శాస్త్రవేత్త మాటలో తడబాటు, విసుగు, ఊపిరి ఉన్నవి. యంత్రం మాట చదునుగా, ఊపిరి ఎరుగనట్లుగా సాగవలెను. పిమ్మట ఆ యంత్రమే క్రూరంగా మారినప్పుడు చదునైన మాటలోనే విషం వినబడవలెను. మన విద్యార్థులు ఈ చిత్రాన్ని ఒకసారి కళ్లు మూసుకొని వింటే, ఏ పాత్ర ఎప్పుడు మాట్లాడుతున్నదో చెవితోనే పోల్చగలరని మా నమ్మకం.

బుల్లితెర మీద కూడా మనో సుపరిచితులు. తమిళంలో 'సూపర్ సింగర్' పాటల పోటీలో, తెలుగులో 'జబర్దస్త్' హాస్య కార్యక్రమంలో న్యాయనిర్ణేతగా కూర్చున్నారు. చీకటి గదిలో దాగిన గొంతుకు ముఖం దొరికినది అక్కడనే.

తోటి సాధకులు

ఈ బాటలో మనో ఒంటరి కారు. నెల్లూరు సీమవారైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం (1946–2020) 'మన్మథ లీల'తో కమలహాసన్‌కు తెలుగు గొంతు అయ్యారు. 'దశావతారం' (2008) తెలుగు రూపంలో కమలహాసన్ ధరించిన పది పాత్రలలో ఏడింటికి ఆయనే మాట ఇచ్చారు. అందులో ఒకటి వృద్ధురాలి పాత్ర. అటెన్‌బరో తీసిన 'గాంధీ' తెలుగులోనికి వచ్చినప్పుడు మహాత్ముని మాటలు పలికినది కూడా ఆయనే. 'అన్నమయ్య' (1997)లో సుమన్ ధరించిన వేంకటేశ్వరుని పాత్రకు గొంతు ఇచ్చి నంది పురస్కారం పొందారు. మనో గొంతు బాలు గొంతును పోలి ఉన్నదని తొలినాళ్లలో అనేకులు అన్నారు. మహావృక్షం నీడలో మొలిచిన మొక్కకు ఎండ దొరుకుట కష్టం. ఆ పోలికను మోస్తూనే తన బాట తాను వేసుకొనుట మనో సాధనలో మేము మిక్కిలి గౌరవించే అంశం.

తండ్రి పి.జె. శర్మ గారి నుండి ఈ విద్యను వారసత్వంగా పొందిన సాయికుమార్, సుమన్‌కు, రాజశేఖర్‌కు గొంతై నిలిచారు. 1995లో వచ్చిన 'బాషా'లో రజనీకాంత్‌కు కూడా మాట ఇచ్చారు. 1996లో కన్నడ 'పోలీస్ స్టోరీ'తో కథానాయకునిగా తెరమీదికి వచ్చారు. ఆయన తమ్ముడు రవిశంకర్ 'అరుంధతి' (2009)లో ప్రతినాయకునికి ఇచ్చిన గొంతును విననివారు తెలుగునాట అరుదు. విద్యార్థినులు సరిత, రోజారమణి, సునీత, చిన్మయి పేర్లను గుర్తుంచుకొనవలెను. 'మరో చరిత్ర' (1978) కథానాయిక సరిత తరువాత ఎందరో నాయికలకు గొంతు అయ్యారు. 'ఏ మాయ చేసావె' (2010)లో సమంతకు చిన్మయి ఇచ్చిన గొంతు ఆ నటి గొంతుగానే జనం మనసులో నిలిచినది. టెలివిజన్‌లో హిందీ ధారావాహికలు తెలుగులోనికి వచ్చిన తరువాత ఈ వృత్తి మరింత విస్తరించినది.

గొంతులో గౌరవం, గొంతులో ఎగతాళి

ఇంతవరకు గొంతు చేసే మేలును చెప్పినాము. అది చేసే కీడును కూడా చెప్పక తప్పదు. పాత తెలుగు చిత్రాలలో, నాటకాలలో ముస్లిం పాత్ర వచ్చినదంటే దానికి ఒక విరిగిన తెలుగు తగిలించుట ఆనవాయితీగా ఉండేది. క్రియలు తలక్రిందులు, లింగాలు తారుమారు, ప్రతి వాక్యం చివర ఒక ఉర్దూ ముక్క. సభ నవ్వేది. అడవి బిడ్డ పాత్ర వచ్చినప్పుడు అర్థంలేని అరుపులే అతని భాష. కోయ భాషకు తనదైన వ్యాకరణం, పాటలు, కథలు ఉన్నవని ఆ నవ్వినవారికి తెలియదు. తెరమీద అట్లా విన్న గొంతునే జనం బజారులో, బడిలో వెదుకుతారు.

దీని ఫలితం మా తరగతి గదిలో కనబడుతున్నది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు తెలుగు పాఠం బిగ్గరగా చదవమంటే తలవంచుకొంటారు. చర్ల, దుమ్ముగూడెం వైపు నుండి వచ్చే కోయ విద్యార్థులు జవాబు తెలిసీ నోరు విప్పరు. తెలుగు మాతృభాషగా గల పిల్లలు ఉర్దూ మాటలోని 'ఖ'ను, 'గ'ను పలుకబోయి నవ్వులపాలై మానుకొంటారు. తప్పు పలుకుతామని భయపడి అసలు పలుకకుండుట ఈ మూడు వర్గాలకూ సమానమైన వ్యాధి. గొంతు పుట్టుకతో వచ్చే ఆస్తి అని, కొందరికి మాత్రమే రాసిపెట్టినదని నమ్ముట దీనికి మూలం.

సత్తెనపల్లి ముస్లిం ఇంటి బిడ్డ గొంతులో తెలుగు ప్రజలు తమ అభిమాన నటుని విని చప్పట్లు కొట్టారు. ఎవరూ అతని ఇంటిపేరు అడుగలేదు. ఉచ్చారణ వంశాన్ని బట్టి రాదు. చెవిని బట్టి, సాధనను బట్టి వస్తుంది. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన ప్రధాన విషయం ఇదియే.

సరిహద్దు ఇచ్చిన సంపద

మనం నివసించే నేల ఒక్క యాసది కాదు. భద్రాచలం డివిజను 1959 వరకు తూర్పు గోదావరి జిల్లాలో ఉండి తరువాత ఖమ్మంలో కలిసినది. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది. అందుచేత తెలంగాణ పలుకుబడి, కృష్ణా తీరపు సాగుడు, గోదావరి మాట నడక, దక్ఖనీ ఉర్దూ, కోయ, లంబాడీ భాషలు మన సంతలలో ఒకే పూట వినబడతాయి. గొంతుల శిక్షణకు ఇంతకంటె పెద్ద పాఠశాల ఏ మహానగరంలో దొరుకుతుంది?

భద్రాద్రికి గాత్రంతో పాత చుట్టరికమే ఉన్నది. శ్రీరామనవమినాడు సీతారామ కల్యాణానికి ఆకాశవాణిలో ఉషశ్రీ గారు చెప్పిన ప్రత్యక్ష వ్యాఖ్యానం కొరకు ఊరూరా రేడియోల చుట్టూ జనం గుమికూడేవారు. కంటికి కనబడని కల్యాణాన్ని ఆయన గొంతు చూపించినది. ఆ కల్యాణానికే గోలకొండ పాదుషా తానీషా కాలం నుండి ముత్యాల తలంబ్రాలు వస్తున్నవని సంప్రదాయం చెబుతున్నది. భాషలు వేరైనా చెవులు కలిసిన నేల ఇది. భాషల వైవిధ్యాన్ని దేవుని సూచనలలో ఒకటిగా పవిత్ర ఖుర్ఆన్ పేర్కొన్నదని మన విద్యార్థులకు తెలిసినదే.

సాధనకు కొన్ని సూచనలు చేస్తున్నాము. మొదటిది, వినుట. ఆకాశవాణి వార్తలలో ఒక నిమిషం భాగం విని, వెంటనే అదే వేగంతో తిరిగి చెప్పవలెను. రెండవది, అక్షరశుద్ధి. శ, ష, స లను. న, ణ లను. ల, ళ లను జంటలుగా చేసి ప్రతి ఉదయం చదువవలెను. ఉర్దూ తెలిసినవారు ఖే, గైన్, జే, ఫే, ఖాఫ్ ధ్వనులను తెలుగు మిత్రులకు నేర్పవలెను. తెలుగువారు ణకార ళకారాలను వారికి నేర్పవలెను. ఉర్దూ శాఖవారు తలఫ్ఫుజ్ అనేదీ, మేము ఉచ్చారణ అనేదీ ఒక్కటే. మూడవది, ఊపిరి. దీర్ఘ సమాసం గల వాక్యాన్ని అర్థం చెడకుండా ఒక్క ఊపిరిలో చదువుట అలవరచుకొనవలెను. నాలుగవది, పాత్ర. "నేను రేపు వస్తాను" అనే ఒక్క వాక్యాన్ని పదేళ్ల పిల్లవానిగా, బాకీపడిన రైతుగా, జబ్బుపడిన ముసలమ్మగా పలుకవలెను. అయిదవది, తన గొంతును చరవాణిలో నమోదు చేసి తానే వినుట. మొదటిసారి విన్నప్పుడు అందరికీ సిగ్గే; పదవసారికి సిగ్గు పోయి లోపం వినబడుతుంది.

గొంతు ఎవరి సొత్తు?

ఈ వృత్తిలో వెలుగుతో పాటు నీడ కూడా ఉన్నది. పని క్రమంగా దొరకదు, పేరు తెరమీద చిన్న అక్షరాలలో పడుతుంది, జలుబు చేసిన దినం సంపాదన ఉండదు. ఇప్పుడు కృత్రిమ మేధ అనే కొత్త శక్తి వచ్చి మనిషి గొంతును యంత్రంతో తయారుచేస్తున్నది. 2024లో 'లాల్ సలాం' చిత్రానికి రెహమాన్ దివంగత గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్ గొంతులను ఈ విధంగా తిరిగి సృష్టించి, వారి కుటుంబాల అనుమతి తీసుకొని పారితోషికం ఇచ్చినట్లు తెలిపారు. అదే సంవత్సరం బాలసుబ్రహ్మణ్యం గారి గొంతును అనుమతి లేకుండా పునఃసృష్టించారని ఆయన కుమారుడు చరణ్ న్యాయపరమైన నోటీసు పంపిన సంగతి పత్రికలలో వచ్చినది. అరువు తెచ్చుకొన్న వస్తువుకు యజమాని ఉంటాడు. గొంతుకు కూడా యజమాని ఉంటాడని చట్టం స్పష్టంగా చెప్పవలసిన కాలం వచ్చినది. న్యాయశాస్త్రం చదువదలచిన మన విద్యార్థులు ఈ విషయంపై దృష్టి పెట్టదగును.

యంత్రం గొంతును తయారుచేయవచ్చును. కాని ఒకరి మాటను గౌరవంతో వినుట, విన్నదానిని తన ఊపిరితో బ్రతికించుట మనిషి పని. ఒక ముస్లిం పాత్రకు, ఒక కోయ పాత్రకు రేపు గొంతు ఇచ్చే అవకాశం మన విద్యార్థికి వస్తే, అతడు ఎగతాళి గొంతు ఇవ్వడు. ఆ ఇంటి మాట తాను విన్నవాడు గనుక నిజమైన గొంతు ఇస్తాడు. మన కళాశాల నుండి అట్టివారు నలుగురు వచ్చినా ఈ సరిహద్దు నేల ఋణం తీరినట్లే.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపంతో ఈ వ్యాసాన్ని ముగిస్తున్నాము. ఒక చిన్న గది, గోడలకు మందపు తెరలు, ఒక మైకు, వారానికి ఒక గంట సమయం అనుగ్రహించినచో, ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి ఉచ్చారణ తరగతి నడుపగలవు. పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. అందులో మొదటి నియమం, ఎవరు తప్పు పలికినా ఎవరూ నవ్వరాదు. రెండవ నియమం, ప్రతివారూ తమ ఇంటి భాషలో ఒక మాట తెచ్చి, పక్కవానికి సరిగా పలుకుట నేర్పవలెను. విద్యార్థులు సిద్ధంగా ఉన్నారు.